పాత బయాప్సీ బ్లాకు తెచ్చుకో, నాన్నా

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ నాన్న పెట్ స్కాన్‌లో పాంక్రియాస్ (క్లోమం) తలభాగంలో గడ్డ కనబడిందని చెల్లి ఫోన్‌లో చెప్పింది. ఇదివరకు ఆయన చెంప మీద తీసిన గడ్డ మెర్కెల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ కదా, ఇది దాన్నుంచి పాకిందా, కొత్తదా అన్నది తేలాలి. ఉద్యోగమంతా పాథాలజీ ల్యాబ్‌లోనే చేశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. వైద్యం డాక్టర్లు చూసుకుంటారు. ఆ గడ్డ ఏమిటో తేలేలోపు నీ చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు, చెంప మీది గడ్డ తీసిన ఆస్పత్రికి వెళ్లి దాని బ్లాకు, స్లైడ్లు తెచ్చుకో. రిపోర్టు జిరాక్సు ఒక్కటే సరిపోదు. బ్లాకంటే మైనంలో బిగించిన కండ ముక్క. అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ డబ్బీలో ఉంటుంది, అంచు మీద నెంబరు రాసి ఉంటుంది. రిపోర్టులో నెంబరూ అదీ ఒకటేనా అని అక్కడే చూసుకో. ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలేయకు, మైనం మెత్తబడుతుంది. ఆ ముక్క పోతే మళ్లీ దొరకదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మెర్కెల్ సెల్ కార్సినోమా చాలా అరుదు. అమెరికా అంత దేశంలోనే ఏడాదికి 3,000 మందికి అటూ ఇటూగా వస్తుంది. పాంక్రియాస్‌కి పాకడం ఇంకా అరుదు. పైగా పాంక్రియాస్‌లోనే పుట్టే న్యూరోఎండోక్రైన్ గడ్డలు, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల గడ్డలు, ఉన్నాయి. సినాప్టోఫైసిన్ అనే రంగు పరీక్ష రెండిటిలోనూ పాజిటివ్ వస్తుంది. సీకే20 అనే ఇంకో రంగు పరీక్ష వేస్తే తేడా తెలిసే అవకాశం ఎక్కువ. మెర్కెల్ కణంలో కేంద్రకం పక్కనే గోధుమరంగు చుక్క కనబడుతుంది. పాత స్లైడు పక్కన పెట్టి చూస్తే పాథాలజిస్టుకి ఇంకా ధైర్యం. చర్మం సంగతి తెలియకపోతే ఆ పరీక్ష వేయాలని తట్టకపోవచ్చు. పొరబాటు పేరు పడితే వైద్యమే దారి తప్పుతుంది. మెర్కెల్‌కి ఇప్పుడు ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్ మీద పోరాడేలా చేసే వైద్యం, ఉంది. అవెలుమాబ్ అనే ఆ మందుకి అమెరికాలో 2017లోనే అనుమతి వచ్చింది. అందుకని శాంపిల్‌తో వెళ్లే ఫారంలో "గతంలో చెంప మీద మెర్కెల్ సెల్ కార్సినోమా" అని రాయించు. రాసేదాకా అక్కడ్నుంచి కదలకు.

ముక్క తీయడానికి ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేస్తారు. నోట్లోంచి గొట్టం పంపి, పొట్ట గోడ లేదా చిన్నపేగు గోడ గుండా సన్నటి సూది వేస్తారు. మత్తు ఇస్తారు కాబట్టి పరగడుపున వెళ్లాలి. గుండె స్టెంటు తర్వాత నాన్న వేసుకుంటున్న రక్తం పలచబడే మాత్రల సంగతి ముందే చెప్పు. ఎన్నాళ్లు ఆపాలో, అసలు ఆపాలో లేదో గుండె డాక్టరు చెప్పాలి, మీరు మానేయొద్దు. సెల్ బ్లాక్‌కి, అంటే సూదితో తీసిన కణాల్ని మైనంలో బిగించే బ్లాకుకి, సరిపడా తీయమని కూడా అడుగు. నాలుగు కణాలొస్తే ఇన్ని రంగు పరీక్షలకి చాలవు. ఇంటికొచ్చాక జ్వరమో, ఆగని కడుపునొప్పో వస్తే తెల్లారేదాకా చూడొద్దు.

కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే చెప్పండి. పిత్తనాళం మూసుకుపోతుంటే ముందు దాని సంగతి చూడాలి.

నాన్నకి దాచొద్దు. ఇది చర్మం నుంచి పాకిందే అయితే నాలుగో స్టేజ్ అంటారు, ఆ మాట ఆయన డాక్టరు నోటి నుంచి, నువ్వు పక్కనుండగా వినాలి. చెల్లికి టెన్షన్ ఎక్కువ, స్కాన్ మాటలు గూగుల్‌లో వెతకనివ్వకు.

బ్లాకు చేతికి రాగానే ఫోన్ చెయ్యి. ఏ ల్యాబ్‌లో సీకే20 వేస్తారో నేను కనుక్కుని ఉంచుతాను.

మీ పెద్దమ్మ