ట్రాక్ ఎక్కే ముందు

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు జిల్లాల్లో మోటార్‌సైకిల్ రేసుల మీద మనసు పడ్డవాళ్లు పెరుగుతున్నారు. మొదటిసారి పోటీకి బయల్దేరుతున్నవాళ్ల ప్రశ్నలకే ఈసారి చోటిచ్చాం.

జయపురం నుంచి ఒక పాఠకుడు: నాది 160 సీసీ కార్బ్యురేటర్ బండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ సర్క్యూట్‌లో కొత్తవాళ్ల క్లాసులో దిగబోతున్నాను. బండిని తనిఖీలోనే తిప్పి పంపేస్తారని భయపెడుతున్నారు. ఏమేం చూస్తారు?

తనిఖీ చేసేవాళ్ల కన్ను ముందు ఆయిల్ మీద పడుతుంది. మీ బండి నుంచి పడిన గరిటెడు ఆయిల్ వెనక వచ్చే నలుగురిని పడేస్తుంది. అందుకే ఊడితే ఆయిల్ కారే ప్రతి భాగాన్నీ తీగతో కట్టాలి. డ్రెయిన్ బోల్టు, ఆయిల్ పోసే మూత, ఫిల్టర్ కవరు బోల్టులు, వీటితోపాటు బ్రేక్ కాలిపర్ బోల్టులు.

ఈ పని ఇంటి దగ్గరే తీరిగ్గా చేసుకోండి. బోల్టును వైస్‌లో బిగించి, తల పక్క ముఖం మీద మూలకు 3 మిల్లీమీటర్ల లోపల సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టండి. అక్కడ 1.5 మి.మీ. బిట్ పెట్టి, మూలను కోస్తూ ఏటవాలుగా దింపితే రెండో ముఖం నుంచి బయటికొస్తుంది. మూలకు మరీ దగ్గరగా తొలిస్తే తర్వాత తీగ లోహాన్ని చీల్చుకుని వచ్చేస్తుంది. డ్రిల్లు నెమ్మదిగా తిప్పుతూ చుక్క చుక్క ఆయిల్ వేస్తుండండి. అయినా బిట్లు విరుగుతాయి, నాలుగైదు కొని పెట్టుకోండి. కొత్త వాషర్ వేసి బోల్టును సరైన బిగువుకు తెచ్చాకే తీగ కట్టాలి. 0.8 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగను రంధ్రంలోంచి తీసి, సెంటీమీటరుకు సుమారు మూడు మెలికలు వచ్చేలా పేనండి. రెండో కొసను కదలని చోట కట్టండి. మూడు మెలికలకన్నా ఎక్కువ పెడితే తీగ మెడ దగ్గర తెగుతుంది.

చాలామంది తప్పు చేసేది తీగ లాగే దిక్కులో. బోల్టు వదులయ్యే వైపు తిరగబోతే తీగ ఇంకా బిగుసుకోవాలి. తిరగేసి కడితే అది అలంకారమే, తనిఖీలో వేలు పెట్టి చూపిస్తారు. కొసను లోపలికి వంచేయండి, లేకపోతే వేళ్లు కోసుకుంటాయి.

అద్దాలు, స్టాండ్లు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు తీసేయండి. తియ్యలేని గాజుకు టేపు వేయండి. ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టాన్ని ఒక డబ్బాలోకి పెట్టండి. రేడియేటర్ ఉన్న బండైతే కూలెంట్ మొత్తం తీసి, రెండుసార్లు కడిగి, డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కూలెంట్‌లోని గ్లైకాల్ ట్రాక్ మీద పడితే ఒక పట్టాన ఆరదు, జారుడు వదలదు. ఇంటికి తిరిగి రాగానే మళ్లీ కూలెంట్ పోయడం మరవకండి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది.

మీ ఊరివాళ్లకు ఇంకో మాట. జయపురం సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంది. అక్కడి గాలి చెన్నై గాలికన్నా దాదాపు 6 శాతం పల్చన. కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఎంత పోవాలో తేల్చే చిన్న రంధ్రపు ముక్కను జెట్ అంటారు. కంపెనీ జెట్టే ఉంటే చింత లేదు. కానీ పొగ ఎక్కువొస్తోందని మీ మెకానిక్ చిన్న మెయిన్ జెట్ వేసి ఉంటే, చెన్నై చిక్కటి గాలిలో పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కుతుంది. పొడవాటి స్ట్రెయిట్‌లో ఫుల్ థ్రాటిల్ మీద పిస్టన్ పట్టేస్తుంది. మీ క్లాసు నియమాలు ఒప్పుకుంటే పై సైజు జెట్లు రెండు వెంట తీసుకెళ్లండి. ప్రాక్టీసు నుంచి రాగానే ప్లగ్ విప్పి చూడండి. సుద్దలా తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, మసి పట్టి ఉంటే ఎక్కువైంది. లేత గోధుమరంగులో ఉంటే ముట్టుకోకండి.

రాయగడ నుంచి ఒక పాఠకుడు: కొరాపుట్ ఘాట్ల మీద మూడేళ్లుగా వేగంగా నడుపుతున్నాను. ట్రాక్ మీద అది పనికొస్తుందా? 2023లో బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ చూశాక మోకాలు నేలకు ఆనించడం కూడా సాధన చేస్తున్నాను.

ఆ సాధన వెంటనే ఆపండి. రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద నేరం. అంతకన్నా ముఖ్యం, ఎదురుగా బాక్సైట్ లారీ వస్తే తప్పించుకునే చోటు అక్కడ లేదు.

మలుపులోంచి దూరం చూసే అలవాటు మాత్రం పనికొస్తుంది. మిగతావన్నీ వదిలించుకోవాలి. ఘాట్‌లో మీరు రోడ్డులో సగమే వాడతారు. ట్రాక్ మీద మలుపులోకి బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి పోవాలి. మొదటి రోజు కొత్తవాళ్ల చక్రాల గుర్తులు చూస్తే రెండు అంచుల్లోనూ రెండేసి మీటర్లు వాడకుండా మిగిలి ఉంటాయి. ఘాట్‌లో ఇంజిన్ బ్రేక్ మీద దిగుతారు. ఇక్కడ నిటారుగా ఉన్నప్పుడే ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టి, బండి వాలేకొద్దీ మెల్లగా వదలాలి.

మోకాలు సంగతి మరిచిపోండి. వేగం, వాలు కుదిరితే అదే ఆనుతుంది. ఆనించాలని వేలాడేవాళ్లు హ్యాండిల్ పట్టుకుని వేలాడతారు, ముందు చక్రం పట్టు పోతుంది. పెట్రోలు ట్యాంకును బయటి మోకాలితో నొక్కి పట్టుకోండి, చేతులు వదులుగా ఉంచండి. నాలుగు ల్యాపులకే ముంజేతులు రాయిలా బిగుసుకుంటే పట్టు తప్పు చోట ఉందని అర్థం.

బరంపురం నుంచి ఒక పాఠకుడు: బండిని చెన్నై ఎలా చేర్చాలి?

మీది హౌరా–చెన్నై ప్రధాన లైను మీది ఊరు. రైల్వే పార్సిల్‌లో వేయవచ్చు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు నకలు కావాలి. లీవర్లు, ట్యాంకు, ఫెయిరింగ్ మందంగా చుట్టండి. మీరెక్కిన రైల్లోనే పార్సిల్ కూడా వస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి, నాలుగైదు రోజులు ముందే పంపండి. ఇద్దరు ముగ్గురు రైడర్లుంటే చిన్న వ్యాను మేలు. టీవీఎస్ వన్ మేక్ ఛాంపియన్‌షిప్ లాంటివాటిలో బండి వాళ్లే ఇస్తారు. మొదటి ఏడాదికి ఆ దారి ఖర్చు తగ్గిస్తుంది, ఒకే రకం బండ్ల మీద మీ స్థాయి ఏమిటో కూడా తెలుస్తుంది.

గుణుపురం నుంచి ఒక పాఠకుడు: రేసు వారాంతంలో వరసగా ఏం జరుగుతుంది? టైర్లలో గాలి ఎంత పెట్టాలి? జెండాలన్నీ గుర్తుంచుకోవాలా?

కాగితాల పని, తనిఖీ, రైడర్ల సమావేశం, ప్రాక్టీసు, రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే క్వాలిఫయింగ్, రేసు. వరస ఇదే, ఏ రోజు ఏదన్నది నిర్వాహకులు చెబుతారు. దేశంలో మోటార్ రేసులను చూసుకునే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే పోటీ లైసెన్సు ముందే తీసుకోవాలి, అక్కడికెళ్లాక పరుగులు పెట్టకండి.

గాలికి ఒకే అంకె చెప్పడం కుదరదు. రోడ్డు టైరైతే కంపెనీ చెప్పినదానికన్నా 3–4 పీఎస్ఐ తగ్గించి, చల్లగా ఉన్నప్పుడు కొలిచి రాసుకోండి. ట్రాక్ నుంచి రాగానే, హెల్మెట్ తియ్యకముందే మళ్లీ కొలవండి. చల్లగా 26 ఉన్నది వేడెక్కి 30–31 అయితే బాగుంది. 33 దాటితే మీరు మొదలుపెట్టింది తక్కువ. టైరు ఎక్కువ నలిగి వేడెక్కింది, కాబట్టి ఇంకో పీఎస్ఐ కలపండి. 27 దగ్గరే ఆగిపోతే గాలి ఎక్కువైనా అయ్యుండాలి, మీరు నెమ్మదిగానైనా నడిపి ఉండాలి. మీ సొంత గేజే వాడండి, పక్కవాళ్ల గేజుతో రెండు పీఎస్ఐ తేడా రావడం మామూలే.

కొత్త టైరు పైన నున్నటి పొర ఉంటుంది, అది అరిగే దాకా పట్టు దొరకదు. టైర్లను ముందే వేడి చేసే దుప్పట్లు లేని క్లాసుల్లో ఎక్కువ పతనాలు మొదటి రెండు ల్యాపుల్లోనే, అది కూడా ఒకవైపు మలుపులు వరసగా వచ్చాక మొదటి ఎదురు మలుపులో. ఆ వైపు టైరు అప్పటికింకా చల్లగా ఉంటుంది.

పెట్రోలు లెక్క ఇలా వేయండి. మద్రాస్ సర్క్యూట్ ఒక చుట్టు సుమారు 3.7 కి.మీ. ఎనిమిది ల్యాపులంటే 30 కి.మీ. రేసులో మైలేజీ సగానికి పడిపోతుందనుకుంటే లీటరున్నర. వార్మప్ ల్యాపు, తిరిగొచ్చే ల్యాపు కలిపి 3 లీటర్లు ఉంచండి. అంతకన్నా తగ్గిస్తే వాలులో పెట్రోలు ఒక పక్కకు పోయి ఇంజిన్ దగ్గుతుంది.

జెండాలు అన్నీ గుర్తుండాలి, ఇందులో మినహాయింపు లేదు. పసుపు అంటే ముందు ప్రమాదం, ఎవరినీ దాటకూడదు. పసుపు మీద ఎర్ర గీతలుంటే నేల జారుడుగా ఉంది. ఎరుపు కనిపిస్తే పోటీ ఆగింది, చెయ్యెత్తి నెమ్మదిగా ట్రాక్ పక్కన బండ్లు ఆపే పిట్‌కు రండి. నీలం అంటే వెనక వేగమైనవాడు వస్తున్నాడు. మీ దారిలో మీరు పోండి, పక్కకు తప్పుకోబోయి అతని ముందుకే వెళ్లేవాళ్లున్నారు. నల్ల జెండాతోపాటు మీ నంబరు చూపిస్తే పిట్‌కు రావాలి. నలుపు మీద నారింజ చుక్క ఉంటే మీ బండిలో లోపం ఉంది, వెంటనే అందరూ పోయే దారి విడిచి పక్కకు తీయండి. మొదటి రోజు సాయంత్రం ట్రాక్ చుట్టూ నడిచి, జెండాలు ఊపే ప్రతి మార్షల్ పోస్టు ఏ మలుపు దగ్గర ఉందో చూసుకోండి. జెండా అర్థం తెలిసినా అది ఎక్కడ ఊపుతారో తెలియక తప్పు చేసేవాళ్లే ఎక్కువ.

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి: మా అబ్బాయికి 17 ఏళ్లు. సంతకం పెట్టమంటున్నాడు. పెట్టాలా వద్దా?

అమ్మా, సంతకానికి ముందు వాడి సామాను మీ చేతులతో చూడండి. సూటు ఒకే ముక్క తోలుది కావాలి. వాడిని నిలబెట్టి కాదు, బండి మీద వంగి కూర్చోబెట్టి చూడండి. నిలబడితే హాయిగా ఉన్న సూటు పడినప్పుడు పైకి జరిగిపోయి మోచెయ్యిని వదిలేస్తుంది. మోచేతి గట్టి భాగాన్ని పట్టి తిప్పండి, తిరిగితే సూటు వదులు. భుజం, పిరుదుల దగ్గర కుట్లు రెండు మూడు వరసలుండాలి. వీపుకు విడిగా రక్షణ పలక, మణికట్టు కప్పే గ్లౌజులు, పిక్కల దాకా బూట్లు కావాలి. హెల్మెట్ పట్టీ రెండు ఇనుప రింగుల్లోంచి పోయే రకం ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఒక్కటే చాలు అనుకోకండి, ఆ పోటీ నియమాల్లో ఏ గుర్తు అడిగారో చూడండి. ఇవన్నీ సరిగ్గా లేకపోతే ఈ ఏడు వద్దనండి. ఉంటే, ముందు ఒక రేసింగ్ స్కూల్లో చేర్చి, ఆ తర్వాత సంతకం పెట్టండి.

మామూలు బండి బీమా రేసులకు వర్తించదు. ప్రమాద బీమా, ఆరోగ్య బీమా వర్తిస్తాయో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

పడితే ఏం చెయ్యాలో కూడా చెప్పి పంపండి. ఆగిపోయామనిపించినా ఇంకా జారుతూనే ఉంటారు, అప్పుడు లేవబోతే కాళ్లు మెలిపడతాయి. మనసులో మూడు లెక్కపెట్టి, రెండు వైపులా చూసి, బండిని వదిలేసి అడ్డుగోడ వెనక్కి నడవాలి. ఎండ, ఉక్క ఎక్కువ కాబట్టి సెషన్ల మధ్య అరలీటరు నీళ్లు, రోజుకు రెండు ఓఆర్ఎస్ పొట్లాలు తాగించండి. తలకు దెబ్బ తగిలితే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే, పైకి గీత కనిపించకపోయినా సరే. వాడు బాగానే ఉన్నానన్నా డాక్టరుకు చూపించండి, ఆ వారాంతంలో మళ్లీ బండి ఎక్కనివ్వకండి.