ఫ్రెంచ్ రాకపోయినా ఆ పాత పాటలు ఎందుకు పట్టుకుంటాయి?

మీరు అడిగింది ఇది: "నాకు ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు. అయినా 1940ల నుంచి 60ల దాకా వచ్చిన ఫ్రెంచ్ పాటలు, వెనక పెద్ద ఆర్కెస్ట్రా, ముందు మెల్లగా పాడే గొంతు, వింటుంటే వదలబుద్ధి కావడం లేదు. వాటిలో ఏముంది? ఎక్కడ మొదలుపెట్టాలి?"

చాలాకాలంగా వింటున్నదాన్నిగా నాకు తోచింది చెబుతాను. ఆ పాటల అందమంతా గొంతుకూ ఆర్కెస్ట్రాకూ మధ్య ఉన్న దూరంలో ఉంది. గొంతు మన పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. వయొలిన్లు మాత్రం ఎక్కడో హాలు అవతల నుంచి వస్తాయి. రెండిటికీ పోటీ లేదు. ఇది మైకు పుణ్యం. అంతకుముందు పారిస్ మ్యూజిక్ హాళ్లలో పాడాలంటే చివరి వరసకు వినబడేలా గొంతెత్తాల్సిందే. 1930లలో జాఁ సబ్లోఁ అనే గాయకుడు మైకు ముందు నిలబడి పాడితే, గొంతు లేకనే కదా ఆ మైకు అని ఎగతాళి చేశారు. పి.బి. శ్రీనివాస్ పాట వింటూ పెరిగినవాళ్లకు ఆ ఎగతాళి ఎంత తప్పో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ సబ్లోఁకు గిటార్ వాయించినవాడు జాంగో రైన్‌హార్ట్. 1934లో వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రపెల్లీతో కలిసి హాట్ క్లబ్ క్వింటెట్ మొదలుపెట్టింది ఆయనే. మూడు గిటార్లు, ఒక వయొలిన్, ఒక డబుల్ బాస్. డ్రమ్స్ లేవు. అమెరికా నుంచి వచ్చిన జాజ్ అలా పారిస్‌లో తీగల మీదికెక్కింది. తర్వాతి పాటల్లో ఊపు ఉన్నా మోత ఉండకపోవడానికి ఈ అలవాటు కూడా ఒక కారణమని నా నమ్మకం.

ఇక భాష. చిన్నప్పుడు లలిత సంగీతం నేర్చుకున్నాను. పెద్దయ్యాక హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో ఫ్రెంచ్ క్లాసులకు వెళ్లాను. అక్కడ ఉచ్చారణ కోసమని మా టీచరమ్మ, షార్ల్ త్రెనే అనే గాయకుడి పాట ఒకటి వినిపించారు. పుస్తకంలో "దూస్ ఫ్రాంస్" అని నేర్చుకున్నదాన్ని ఆయన "దూస ఫ్రాంస" అని పాడుతున్నాడు. మాట్లాడేటప్పుడు పలకని చివరి అచ్చును పాటలో పలుకుతారట. నాకు ప్రాణం లేచొచ్చింది! మనది అజంత భాష, చివర అచ్చు ఉంటే స్వరాన్ని ఎంతసేపైనా సాగదీయొచ్చు, గమకం పెట్టొచ్చు. హల్లు దగ్గర ఆగిపోతే ఆ వీలుండదు. ఫ్రెంచివాళ్లు కూడా పాటలోకి రాగానే మాటను మనలాగే అచ్చుతో ముగిస్తున్నారు. అర్థం తెలియకపోయినా ఆ పాటలు మీ చెవికి పరాయిగా అనిపించకపోవడానికి సగం కారణం ఇదే అనుకుంటాను.

త్రెనేదే 1946లో రికార్డయిన "లా మేర్" వినండి. సముద్రం గురించిన పాట. హార్మోనియం ఉంటే పక్కన పెట్టుకోండి. మొదట్లో నాలుగు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) అలల్లా మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి, గొంతు తొందరపడదు. మధ్యలోకి రాగానే శ్రుతి మారుతుంది: అంతవరకూ గాంధారంగా ఉన్నది సా అవుతుంది. అక్కడ కాసేపుండి, ఇంకో మెట్టెక్కి, అసలు శ్రుతిలోని పంచమాన్ని సా చేసుకుంటుంది. అక్కణ్నుంచి ఇంటికి దిగుతుంది. పాడేవాడి గొంతులో శ్రమ ఎక్కడా కనబడదు, కానీ వినేవాడికి ఒళ్లు తేలికవుతుంది. ఇదే బాణీని 1959లో అమెరికాలో బాబీ డారిన్ ఇంగ్లీషు మాటలతో, ఇత్తడి వాద్యాల హోరుతో పాడి పెద్ద హిట్ చేశాడు. అదీ బాగుంటుంది. కానీ నాకు త్రెనే పాటే కావాలి.

ఆర్కెస్ట్రా మీద మీకు అంత ఇష్టమైతే సంగీత దర్శకుడు మిషెల్ లెగ్రాఁ దగ్గరికి వెళ్లండి. పారిస్ కన్జర్వేటరీలో, పేరున్న సంగీత గురువు నాదియా బులాంజే దగ్గర చదువుకున్నాడు. 1958లో న్యూయార్క్‌లో జాజ్ దిగ్గజాలు మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్, బిల్ ఎవాన్స్‌లతో ఒక ఆల్బమ్ చేసేనాటికి ఆయనకు పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఆయన సంగీతం ఇచ్చిన 1964 నాటి "షెర్బూర్ గొడుగులు" సినిమాలో ఒక్క మాట కూడా మామూలుగా మాట్లాడరు, అన్నీ పాడతారు. సినిమా మొదట్లో గ్యారేజీలో మెకానిక్కులు కూడా వెనక జాజ్ నడుస్తుంటే పాడుతూనే మాట్లాడుకుంటారు. మన పద్యనాటకాలు ఇష్టపడ్డవాళ్లకు ఇది వింతగా అనిపించదు. హీరోయిన్ కేథరిన్ దెనెవ్‌కు అందులో పాడింది దానియెల్ లికారి.

లెగ్రాఁ అక్క క్రిస్తియాన్ కూడా గొప్ప గాయని. మిమీ పెరాఁ 1959లో మొదలుపెట్టిన లే దుబ్ల్ సీస్ ("రెండింతల ఆరు") బృందంతో పాడింది. ఆరుగురు గాయకులు ఒకసారి పాడి రికార్డు చేసి, దాని మీదే మళ్లీ పాడేవారు. పన్నెండు గొంతులు వినబడతాయి, ఆ పేరూ అందుకే. బిగ్ బ్యాండ్‌లో, అంటే పెద్ద జాజ్ వాద్యబృందంలో, ట్రంపెట్, సాక్సాఫోన్ వాయించే ప్రతి స్వరానికీ పెరాఁ ఫ్రెంచ్ మాటలు రాసింది. నేను వాళ్లతో కలిసి పాడదామని చూస్తే రెండో వాక్యానికే ఊపిరి అందదు, అంత వేగం.

పోల్ మోరియా వాయిద్య సంగీతం గురించి కూడా మీకు చెబుతారు. 1968లో ఆయన ఆర్కెస్ట్రా వాయించిన పాట ఒకటి అమెరికాలో అయిదు వారాలు మొదటి స్థానంలో ఉంది. అందులో హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాత వాద్యం) ముచ్చటగా ఉంటుంది, నిజమే. అయితే నాకు గొంతు లేకపోతే ఈ సంగీతంలో సగం పోయినట్టుంటుంది, కాబట్టి దాన్ని తర్వాతకు ఉంచండి.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, డబుల్ బాస్ మొత్తం మాయమైపోతుంది. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు. మొదటిరోజు "లే ఫోయ్ మోర్త్" (ఎండుటాకులు) పాట పెట్టుకోండి. జాక్ ప్రెవేర్ మాటలు, హంగరీలో పుట్టిన జోసెఫ్ కోస్మా బాణీ, ఈవ్ మోంతాఁ గొంతు. పల్లవికి ముందు దాదాపు మాట్లాడుతున్నట్టు సాగే పొడుగాటి భాగం ఒకటుంటుంది, చాలామంది జాజ్ వాద్యకారులు దాన్ని వదిలేస్తారు. మీరు వదలకండి. తర్వాత అదే బాణీని 1958లో సాక్సాఫోన్ విద్వాంసుడు కానన్‌బాల్ ఆడర్లీ ఆల్బమ్‌లో మైల్స్ డేవిస్ మ్యూట్ (మోత తగ్గించే మూత) పెట్టిన ట్రంపెట్ మీద ఎలా వాయించాడో వినండి. రెండూ అయ్యాక మీకు ఏది నచ్చిందో కింద రాయండి, దాన్నిబట్టి తర్వాత ఏం వినాలో చెబుతాను.