మీ ప్రశ్నలు – మా జవాబులు: కెమెరా మీద మానిటర్ నిలబడాలంటే

ప్రశ్న: పెళ్లిళ్లకు మిర్రర్‌లెస్ కెమెరాతో వీడియో తీస్తాను. హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ పెట్టే గాడి) మీద బాల్ హెడ్ (గోళం మీద ఎటైనా తిరిగే బ్రాకెట్) పెట్టి అయిదంగుళాల మానిటర్ రికార్డర్ బిగించాను. గంట గడిచేసరికి అది పక్కకు వాలిపోతోంది. ముహూర్తం వేళ రెండుసార్లు సిగ్నల్ పోయింది. ఇప్పుడు కెమెరా నుంచి వీడియో బయటికి పంపే మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టు వదులుగా ఉంది. తప్పు బ్రాకెట్‌దా, కేబుల్‌దా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: రెండింటికీ మూలం ఒక్కటే. మోయలేని చోట బరువు పెట్టారు. హాట్ షూ ఉన్నది తేలికైన ఫ్లాష్ కోసం. రికార్డర్, వీడియో నిల్వయ్యే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్, పెద్ద బ్యాటరీ కలిస్తే అర కిలో దాటుతుంది. బాల్ హెడ్‌లో ఆ బరువంతా గోళం రాపిడి మీదే ఆగాలి. కెమెరా తిప్పిన ప్రతిసారీ అది కొద్దికొద్దిగా జారుతుంది. దాంతోపాటే కేబుల్ లాగుతుంది, ఆ లాగుడు పోర్టు మీద పడుతుంది.

ముందు మీ మోడల్‌కే చేసిన కేజ్ (కెమెరా చుట్టూ బిగించే లోహపు చట్రం) కొనండి. రికార్డర్‌కు బాల్ హెడ్ బదులు ముందుకీ వెనక్కీ మాత్రమే వంగే టిల్ట్ మౌంట్ వాడండి. దాని మరకు ఇరువైపులా రెండు చిన్న పిన్నులుండాలి. తిరిగిపోకుండా ఆపేవి అవే. అయితే ఆ పిన్నులు దిగే రంధ్రాలు మీ కేజ్‌కు, రికార్డర్ అడుగుకు ఉన్నాయో లేదో చూసుకునే కొనండి. మౌంట్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పొడవాటి మ్యాజిక్ ఆర్మ్ (కీలున్న చేయిలాంటి మౌంట్) చూడ్డానికి బాగుంటుంది గానీ, బరువు దూరం జరిగిన కొద్దీ కీలు మీద ఒత్తిడి పెరుగుతుంది. పెళ్లి మండపంలో దాన్ని వాడొద్దనే మా సలహా.

ఇక కేబుల్. పోర్టు టంకం ఒకసారి విరిగితే బోర్డు రిపేరు తప్ప దారి లేదు. అందుకని మైక్రో నుంచి పెద్ద హెచ్‌డీఎంఐకి మార్చే పొట్టి కేబుల్ ఒకటి కెమెరాకు పెట్టి, దాన్ని కేజ్ క్లాంపులో బిగించి అలాగే ఉంచేయండి. రోజూ పెట్టడం, తీయడం అంతా పెద్ద హెచ్‌డీఎంఐ వైపే చేయండి. క్లాంపుకూ పోర్టుకూ మధ్య తీగ కొంచెం వదులుగా వంపు తిరిగి ఉండాలి. బిగుతుగా లాగి క్లాంపు వేస్తే ఉపయోగం లేదు. కెమెరా, రికార్డర్ రెండూ ఆఫ్‌లో ఉండగానే కేబుల్ పెట్టండి. కెమెరా మెనూలో హెచ్‌డీఎంఐ సమాచార ప్రదర్శన ఆపేయండి. లేకపోతే తెర మీది గుర్తులు కూడా రికార్డవుతాయి. పెళ్లి మళ్లీ జరగదు కాబట్టి కెమెరా కార్డులో కూడా రికార్డింగ్ నడుస్తూనే ఉండాలి.

ప్రశ్న: 500 జీబీ ఎస్‌ఎస్‌డీలో 4కే ఎంతసేపు పడుతుంది?
– మధురవాడ

జవాబు: సెకనుకు 25 ఫ్రేముల ప్రోరెస్ 422 హెచ్‌క్యూ (ఎక్కువ నాణ్యత వీడియో ఫార్మాట్) అయితే గంటకు సుమారు 330 జీబీ, అంటే గంటన్నర. మామూలు 422లో గంటకు 220 జీబీ, రెండుంపావు గంటలు వస్తుంది. పెళ్లికి 422 చాలు.

ప్రశ్న: మౌంట్ మర పోయింది. హార్డ్‌వేర్ షాపులో తెచ్చిన ఆరు మిల్లీమీటర్ల మర రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. గట్టిగా తిప్పవచ్చా?
– ఎంవీపీ కాలనీ

జవాబు: వద్దు, వెంటనే తీసేయండి. కెమెరా మర పావు అంగుళానిది: వ్యాసం 6.35 మి.మీ., అంగుళానికి 20 చుట్లు, అంటే చుట్టుకు 1.27 మి.మీ. మీరు తెచ్చిన ఆరు మిల్లీమీటర్ల (ఎం6) మరకు చుట్టుకు 1 మి.మీ. మాత్రమే. మొదట దిగినట్టే ఉంటుంది, తర్వాత అల్యూమినియం చుట్లను తినేస్తుంది. షాపులో ‘పావు అంగుళం, 20 చుట్లు’ అని అడగండి. విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత) మర ఇచ్చినా పనికొస్తుంది, దాని చుట్లూ అంగుళానికి ఇరవయ్యే. పొడవు కూడా చూడాలి. రంధ్రం లోతు చాలా పరికరాల్లో 5 మి.మీ. అటూఇటూగానే ఉంటుంది. మర పొడవు ఎక్కువైతే కొన అడుగుకు తగిలి బిగిసినట్టు అనిపిస్తుంది గానీ మౌంట్ కదులుతూనే ఉంటుంది. అప్పుడు బలవంతం చేస్తే లోపలి భాగాలే దెబ్బతింటాయి. సన్నని వాషర్ వేయండి, లేదా మరను అరగదీయించండి.

ప్రశ్న: ఆర్కే బీచ్, రుషికొండల్లో షూటింగులు ఎక్కువ. మరలు తుప్పు పట్టి రావడం లేదు. ఎండకు తెర కూడా కనిపించదు.
– భీమిలి

జవాబు: ఉక్కు మర, అల్యూమినియం కేజ్, మధ్యలో ఉప్పుతేమ. ఈ మూడూ కలిస్తే లోహం తినుకుపోయి మర అతుక్కుపోతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ మరలు ఉప్పుకు బాగా తట్టుకుంటాయి. ఏ మరలైనా షూటింగ్ అయిన రోజే అన్నీ విప్పి, మంచినీళ్లలో తడిపి పిండిన బట్టతో తుడిచి ఆరబెట్టండి. బిగించి ఉంచేయడమే అసలు నష్టం. టిల్ట్ మౌంట్ కీలులో నూనె వేయకండి, రాపిడి పోయి జారుతుంది. ఇసుక పడుతుందని రికార్డర్‌కు ప్లాస్టిక్ కవర్ చుట్టకండి, ఫ్యాన్ గాలి ఆగి వేడెక్కి ఆగిపోతుంది. ఏసీ కారులోంచి దిగాక అరగంట సంచి మూసే ఉంచండి, లేకపోతే తెర మీదా లెన్స్ మీదా తేమ పడుతుంది.

మన విశాఖకు సముద్రం తూర్పున ఉంది. కాబట్టి ఉదయం ఊరి వైపు తీసినా, సాయంత్రం సముద్రం వైపు తీసినా ఎండ నేరుగా మానిటర్ తెర మీదే పడుతుంది. ఆ వేళల్లో సన్‌హుడ్ (తెరకు ఎండ తగలకుండా పెట్టే తొడుగు) తప్పనిసరి. హుడ్ గాలికి తెరచాపలా పనిచేస్తుంది కాబట్టి, దాన్ని పెట్టాక మౌంట్ మరను మరోసారి బిగించి చూడండి.