స్తంభం ఎక్కే చేతికి 22 వేల వాచీ కొనవచ్చా?

ప్రశ్న: సార్, నేను చిత్తూరు దగ్గర ఒక పల్లెలో కరెంటు లైన్‌మెన్‌ని. వయసు 28. చేతికి 25 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు, పాప ఖర్చు, నెలకు 3 వేల చీటీ పోగా నాలుగైదు వేలు మిగులుతుంది. నాలుగేళ్లలో నాలుగు వాచీలు కొన్నాను, ఒక్కోటి 1,500 దాకా. ఒకదాని అద్దం లోపలికి నీళ్లు పోయాయి. ఒకటి స్తంభం మీద నుంచి జారి పగిలింది. ఇంకోటి రంగు వదిలి మణికట్టు దగ్గర దద్దుర్లు తెచ్చింది. నాలుగోది ఊరికే ఆగిపోయింది. మొన్న తిరుపతిలో ఒక షోరూములో 22 వేల ఆటోమేటిక్ వాచీ (చేతి కదలికతోనే కీ తిరిగేది) చూశాను. సెల్లు అక్కర్లేదు, జీవితాంతం నడుస్తుంది, నో కాస్ట్ ఈఎంఐ 12 నెలలు అన్నారు. మా నాన్న హెచ్ఎంటి వాచీ 30 ఏళ్లు నడిచింది, ఇప్పుడు బీరువాలో ఉంది. నాకూ అలా నిలిచే వాచీ ఒకటి ఉండాలని ఆశ. తీసుకోవచ్చా? స్మార్ట్ వాచీ మేలని మా బావమరిది అంటాడు. తిరుమల హుండీ వాచీలు వేలంలో చవగ్గా వస్తాయని ఇంకొకరు అన్నారు.

జవాబు: ఈఎంఐ మీద ఆ వాచీ తీసుకోవద్దు. డ్యూటీకి 3 వేల లోపల రెజిన్ (గట్టి ప్లాస్టిక్) బాడీ, రెజిన్ బెల్టు ఉన్న డిజిటల్ వాచీ ఒకటి పూర్తి డబ్బు కట్టి కొనుక్కోండి. ఇంకో వెయ్యి, పదిహేను వందలు పెట్టి మీ నాన్నగారి హెచ్ఎంటిని సర్వీసు చేయించండి. కారణాలు చెప్పకుండా ఇంతటితో ఆపేస్తే మళ్లీ షోరూము అద్దం ముందు నిలబడగానే మనసు అటే లాగుతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

డబ్బు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ చెయ్యి సంగతి. మీరు చూసిన వాచీకి స్టీలు బాడీ, స్టీలు చైను ఉండే ఉంటాయి. లైను మీద పని చేసేవాళ్లు ఉంగరం, కడియం, మెడలో గొలుసు, స్టీలు చైను వాచీ తీసేసి పని చేయాలన్నది మీకు నేను చెప్పాల్సిన విషయం కాదు. ఎల్‌సి (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకి కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకుని స్తంభం ఎక్కినా, ఎవరి ఇంటి జనరేటర్ నుంచో, ఇన్వర్టర్ నుంచో వెనక్కి కరెంటు వచ్చి ప్రాణాలు పోయిన సంఘటనలు మీ శాఖలో అందరికీ తెలిసినవే. అంటే 22 వేలు పెట్టి కొన్న వాచీ డ్యూటీ రోజుల్లో పెట్టెలోనే ఉండాలి. వారానికి ఒక్క రోజు పెట్టుకునే వస్తువుకి ఏడాది పొడుగునా కంతులు కట్టడం మీ జీతానికి బరువు.

ఇక లెక్క. వాచీ ధర అంటే కొన్న రోజు ఇచ్చిన డబ్బు ఒక్కటే కాదు. దాని మీద పెట్టే సెల్లు, బెల్టు, సర్వీసు ఖర్చు కూడా కలిపి, అది నడిచిన ఏళ్లతో భాగించి చూడండి. మీ నాలుగు వాచీలకు 6 వేలు, వాటి సెల్లులకూ బెల్టులకూ ఇంకో వెయ్యి అనుకుందాం. నాలుగేళ్లకు 7 వేలు, ఏడాదికి 1,750. ఆ ఆటోమేటిక్‌కి సెల్లు అక్కర్లేదన్న మాట నిజమే. కానీ లోపలి నూనె ఎండిపోతుంది కాబట్టి ఐదారేళ్లకోసారి మొత్తం విప్పి శుభ్రం చేయించాలి. ఒక్కో సర్వీసుకి 3 వేలు అనుకుని 15 ఏళ్లలో రెండుసార్లు వేస్తే మొత్తం 28 వేలు, ఏడాదికి 1,870 దాకా పడుతుంది. మీరు ఇప్పుడు పెడుతున్న ఖర్చుకి ఇది దాదాపు సమానం. కాబట్టి చవక వాచీలు మార్చి మార్చి కొనడం కంటే మంచిది ఒకటి కొందామన్న మీ ఆలోచనలో న్యాయం ఉంది. కాకపోతే అది 15 ఏళ్లు దెబ్బ తినకుండా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. సుత్తి దెబ్బల అదురు, బండి మీద గతుకులు ఆటోమేటిక్ మిషనుకి పడవు. బలమైన అయస్కాంతం దగ్గరికి వెళ్తే లోపలి సన్న స్ప్రింగు అయస్కాంతం పట్టి వాచీ ముందుకు పరుగెడుతుంది. దాన్ని తీసేయడం మెకానిక్‌కి నిమిషం పనే అయినా, ప్రతిసారీ తిరుపతి దాకా వెళ్లాలి కదా.

డిజిటల్ వాచీ 2,800, మధ్యలో రెండు బెల్టులకు 800, ఎనిమిదేళ్లు నడుస్తుందని తగ్గించి వేసినా ఏడాదికి 450. క్యాసియోలో ఏఈ-1200, డబ్ల్యూ-800 లాంటి మోడళ్లకు సెల్లు సుమారు పదేళ్లు వస్తుందని కంపెనీయే చెబుతుంది, 100 మీటర్ల నీటి రక్షణ కూడా ఉంటుంది. దెబ్బలకు ఇంకా గట్టిది కావాలంటే జీ-షాక్ ఉంది. పది మీటర్ల ఎత్తు నుంచి పడినా పగలకూడదని పట్టుబట్టి కికువో ఇబే అనే ఇంజనీరు తయారుచేసిన వాచీ అది, 1983లో వచ్చింది. ధర రెండింతలకు పైనే ఉంటుంది. చీటీ చేతికొచ్చిన నెలలో అది కొంటానంటే నేను అడ్డు చెప్పను, మీ పనికి అది తగిన వస్తువే. ఏది కొన్నా వెనక మూత చాలావరకు స్టీలే ఉంటుంది. అందుకని లైను దగ్గరి పనికి దాన్నీ తీసి జేబులో పెట్టుకోండి.

మీ పాత వాచీలు ఎందుకు పోయాయో తెలుసుకోకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. వాటిని ఒకసారి తిప్పి వెనక మూత మీద సన్న అక్షరాలు చదవండి. 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంటే స్టీలు ఆ మూత వరకే. ముందు భాగమంతా ఇత్తడి లాంటి లోహం మీద వేసిన పూత. చిత్తూరు ఎండలో మీ చెమటకి ఆ పూత అంచుల దగ్గర ముందు లేచిపోతుంది. కింద నికెల్ ఉంటే, అది చర్మానికి తగిలి కొందరికి దద్దుర్లు వస్తాయి. మీకు జరిగింది ఇదే అయి ఉంటుంది. ఎప్పుడైనా లోహపు వాచీ కొంటే బాడీ మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలా అని అడిగి కొనండి.

నీళ్లు పోయినదాని సంగతి. 30 మీటర్లు అని రాసి ఉంటే 30 మీటర్ల లోతు మునగొచ్చని కాదు. ప్రయోగశాలలో, కదలకుండా పెట్టి చూసిన ఒత్తిడి అది. నిజ జీవితంలో చేతులు కడుక్కున్నప్పుడు పడే నీళ్లు, నాలుగు చినుకులు, అంతవరకే దాని ధైర్యం. 50 ఉంటే కాసేపు ఈత కొట్టొచ్చు. మీకు 100 కావాలి. ఎందుకంటే మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలతో పెద్ద వానలు వస్తాయి, అందరూ ఇంట్లో తలుపులు వేసుకున్న ఆ రాత్రుల్లోనే మీకు పని ఎక్కువ. 2021 నవంబరు వరదలప్పుడు తిరుపతి, చిత్తూరుల్లో మీవాళ్లు ఎలా తిరిగారో చూసినవాళ్లం.

వంద మీటర్లదైనా సెల్లు మార్పించిన నాడే పాడవచ్చు. ఫుట్‌పాత్ మీద సెల్లు వేసేటప్పుడు ఒకసారి దగ్గరగా నిలబడి చూడండి. చిన్న కత్తి మొనతో మూత ఎత్తుతారు. దాని కింద గాడిలో వెంట్రుకంత సన్నని నల్ల రబ్బరు రింగు ఉంటుంది. వెనక మూత వైపు నీటిని ఆపేది అదొక్కటే. తొందరలో అది గాడి దాటి అంచు మీదికి వస్తే, పైన మూత నొక్కినప్పుడు నలిగిపోతుంది. బయటికి ఏమీ కనపడదు. వారం తర్వాత ఓ వాన తడిపితే, మర్నాడు ఎండలో అద్దం లోపల అంచు వెంట పొగమంచు కమ్ముతుంది. అది కనపడిన రోజే తీసుకెళ్లి ఆరబెట్టిస్తే బతుకుతుంది, తనే ఆరుతుందిలే అని వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. సెల్లు వేయించేటప్పుడు రింగు కూడా కొత్తది వేసి, సిలికాన్ గ్రీజు రాయమని అడగండి. యాభయ్యో వందో ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. వాచీతో వేడి నీళ్ల స్నానం, సబ్బు నురగ కూడా ఆ రబ్బరుకి మంచివి కావు.

జారి పడినదానికి కారణం బెల్టు పిన్నే అయి ఉంటుంది. బెల్టుని బాడీకి పట్టి ఉంచే ఆ స్ప్రింగు పిన్నులు చెమట ఉప్పుకి లోలోపల తుప్పు పడతాయి. మార్పించడానికి పట్టేది టీ కాఫీల ఖర్చంత. రెండేళ్లకోసారి రెండూ మార్పించండి. ఆగిపోయిన నాలుగోదాన్ని పారేయకండి, సెల్లు కారిందేమో చూపించండి. సెల్లు అయిపోయిన వాచీని నెలల తరబడి అలాగే ఉంచితే రసం కారి లోపల తినేస్తుంది.

ఇప్పుడు మీ నాన్నగారి వాచీ. మీ ఉత్తరంలో నాకు నచ్చిన మాట అదే. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటి వాచీలు మన ఇళ్లలో రెండు తరాల చేతులకు టైము చెప్పాయి. 2016లో ఆ వాచీల సంస్థ మూతకి కేంద్రం ఆమోదం తెలిపింది. మీ నాన్నగారిది 30 ఏళ్లు నడవడానికి కారణం ధర ఎక్కువ కావడం కాదు. ఏ ఊళ్లో మెకానిక్ అయినా దాన్ని విప్పగలిగేవాడు, సామాను దొరికేది, ఆయన రోజూ ఒకే వేళకి కీ ఇచ్చి జాగ్రత్తగా చూసుకుని ఉంటారు. కొత్తది ఏది కొన్నా మీరు అడగాల్సింది కూడా ఇదే: తిరుపతిలో దీనికి సర్వీసు సెంటర్ ఉందా, అద్దం, బెల్టు విడిగా దొరుకుతాయా? ఈ విషయంలో టైటాన్, సొనాటాలకు మన వైపు ఇబ్బంది తక్కువ, వాళ్ల ఫ్యాక్టరీ మొదలైందే హోసూరులో.

బీరువాలోంచి ఆ హెచ్ఎంటిని తీయండి. ఎన్నాళ్లుగానో ఆగి ఉంటే బలవంతంగా కీ తిప్పొద్దు, నూనె జిగురుగా మారి ఉంటుంది, పళ్ల చక్రాలు అరుగుతాయి. పాత చేతి కీ వాచీలు చూసే పెద్ద వయసు మెకానిక్‌లు తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఇంకా ఉన్నారు. ఒకరిద్దరిని అడిగి ఇవ్వండి. డయలుకి మళ్లీ రంగు వేయొద్దని, పాలిష్ వద్దని ముందే గట్టిగా చెప్పండి. మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మని అడగండి. పెళ్లికి, పండక్కి, తిరుమల దర్శనానికి అది పెట్టుకోండి. 22 వేలతో మీరు కొనాలనుకున్నది మీ ఇంట్లోనే ఉంది.

నో కాస్ట్ ఈఎంఐ మాట కూడా చూద్దాం. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. జరిగేదేమిటంటే వడ్డీ మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపించి, అదే మళ్లీ మీ కంతుల్లో వసూలు చేస్తారు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. 15 శాతం వడ్డీ వేసుకుంటే 22 వేలకు ఆ జీఎస్టీ 300 దాకా, ప్రాసెసింగ్ ఫీజు ఇంకో 200 పైన. దీనికంటే పెద్ద నష్టం, డబ్బు కట్టి కొనేవాడికి కౌంటర్ దగ్గర దొరికే తగ్గింపు మీకు దొరక్కపోవడం. నెలకు 1,833 అంటే మీ మిగులులో మూడో వంతు పైనే. పాపకి జ్వరమొచ్చిన నెలలో ఒక్క కంతు తప్పితే ఆలస్య రుసుము పడుతుంది, సిబిల్ స్కోరూ దెబ్బ తింటుంది. నేను చెప్పిన రెండు పనులకీ కలిపి 4,300 దాటదు, ఒక్క నెల మిగులుతో తీరిపోతుంది.

స్మార్ట్ వాచీ మీ పనికి వద్దు. చార్జింగ్ ఒక టెన్షన్, పైగా రెండు మూడేళ్లకి బ్యాటరీ నీరసిస్తే చవక మోడళ్లలో మార్చే వీలుండదు. హుండీ వాచీలను టీటీడీ ఈ-వేలం వేయడం నిజమే. కానీ వాటిని లాట్లుగా అమ్ముతారు, కొత్తవీ వాడినవీ కొంత పాడైనవీ అన్నీ కలిసి ఉంటాయి. ఒక్క వాచీ కావలసినవాళ్లకు అది దారి కాదు.

ఒక్క విషయం మీరు అడగకపోయినా చెబుతున్నాను. మీ జీతం పడే బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. జీవన్ జ్యోతి బీమాకి ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో మరణించినా ఇంకో 2 లక్షలు. మీ పనికి ఇవి చాలవు, శాలరీ ఖాతా మీద ప్రమాద బీమా ఎంతుందో కూడా అడగండి. వాచీ కొన్న తర్వాతి నెల నుంచి, ఈఎంఐకి పోయేదనుకున్న ఆ 1,800 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ, ఇంటి ఖర్చు మూడు నెలలకి సరిపడా నిల్వ చేరేదాకా ఆపకండి. చీటీ రిజిస్టరైన కంపెనీదా, ఊళ్లో ఎవరో నడిపేదా రాయలేదు. ఊరి చీటీ అయితే ఇది పాడుకున్నాక కొత్తది వేయకుండా ఆ 3 వేలు కూడా ఇటే మళ్లించండి.