నీరంతా 'ప్రవహించాలా'?

సందేహం: పిల్లల కోసం నీటి ప్రయాణం మీద ఒక వ్యాసం రాశాను. అందులో "వాన నీరు భూమిలోకి ప్రవహిస్తుంది, భూగర్భ జలం నదిలోకి ప్రవహిస్తుంది, నది మంచి ఒరవడితో సముద్రంలోకి ప్రవహిస్తుంది, సముద్ర నీరు అలలుగా ప్రవహిస్తుంది" అని ఉంది. చదివిన స్నేహితురాలు "అన్నిచోట్లా ప్రవహించడమేనా, ఇది తెలుగులా లేదు" అంది. వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేముంది? ఇంకో రెండు చిన్న సందేహాలు కూడా ఉన్నాయి. ఆటుపోట్లలో ఆటు ఏది, పోటు ఏది? నీరు పారుతోంది అనాలా, నీళ్లు పారుతున్నాయి అనాలా?

సమాధానం: మీ స్నేహితురాలు సరిగ్గానే పట్టుకున్నారు. వాక్య నిర్మాణంలో తప్పు లేదు, కానీ మీరు చెప్పిన నాలుగు చోట్లా నీరు చేసే పని నాలుగు రకాలు, దాన్ని ఒకే క్రియతో చెప్పేసరికి విషయమే మారిపోయింది. 'ప్రవహించు'లో 'వహ్' అనే సంస్కృత ధాతువు ఉంది, వాహనం అన్న మాటలో ఉన్నదీ అదే, 'ప్ర' అంటే ముందుకు. ఒక దారి పట్టి వాలు వెంట ముందుకు సాగిపోయే నీటికి ఆ మాట చక్కగా సరిపోతుంది. నది దగ్గర మీరు వాడింది నూటికి నూరుపాళ్లూ సరైనదే. మిగతా మూడు చోట్లే ఇబ్బంది.

మొదటిది వాన నీరు. అది నేలలోకి ప్రవహించదు, ఇంకుతుంది. మట్టి రేణువుల మధ్య ఉండే సన్నని ఖాళీల్లోకి మెల్లగా దిగిపోవడం అన్న అర్థం 'ఇంకు' అనే రెండక్షరాల్లో మొత్తం ఉంది, ఇంకుడు గుంత అన్న మాట అందుకే అంత సులువుగా జనంలోకి వెళ్లింది. నేల పీల్చుకోలేనంత వాన పడితే మిగిలిన నీరు పైనే పారుతుంది, కాబట్టి ఇంకేది వేరు, పారేది వేరు అని పిల్లలకు అక్కడే తెలియాలి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. 'చెరువు ఇంకిపోయింది' అన్నప్పుడు మనం నీరు అడుక్కు పోయిందా, ఎండకు పోయిందా అని చూడం, నిఘంటువులు కూడా ఇంకడానికి ఆ రెండు అర్థాలూ ఇస్తాయి. మాట్లాడేటప్పుడు దానితో ఏ చిక్కూ లేదు. సైన్సు రాసేటప్పుడు మాత్రం నేలలోకి పోతే ఇంకడం, గాలిలోకి పోతే ఆవిరవడం అని విడదీసుకోమంటాను. పాఠ్యపుస్తకాల్లో కనిపించే బాష్పీభవనం ఈ ఆవిరవడమే, బాష్పోత్సేకం అంటే మొక్కలు ఆకుల ద్వారా నీటిని ఆవిరిగా వదలడం, రెండూ వినడానికి దగ్గరగా ఉండి చాలామందిని తికమక పెడతాయి. (ఆనందబాష్పాలలోని బాష్పం కూడా ఇదే. సంస్కృతంలో కన్నీటికీ ఆవిరికీ ఒకే మాట.)

రెండోది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది, భూగర్భ జలం. "నదిలోకి ప్రవహిస్తుంది" అని చదివిన పిల్లవాడు నేల కింద ఇంకో నది గలగలా పారుతోందని ఊహించుకుంటాడు. సున్నపురాయి గుహల్లో నిజంగానే అలాంటి ఏర్లు ఉంటాయి, అక్కడ ఆ మాట వాడండి. కానీ భూగర్భ జలంలో ఎక్కువ భాగం ఇసుక, మట్టి, పగుళ్లున్న రాళ్ల మధ్య జానెడు జానెడుగా కదులుతుంది. నదిలో నీరు సెకనుకు ఒక మీటరు పోవడం మామూలు విషయం, నేల కింద అదే మీటరుకు ఒక రోజు పట్టవచ్చు, చాలాచోట్ల అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ నత్తనడకకు తెలుగులో ఉన్న క్రియ 'ఊరు'. కంట్లో నీరు ఊరుతుంది, చెలమలో నీరు ఊరుతుంది. ఎక్కడి నుంచి వస్తోందో కనబడదు, చప్పుడుండదు, చూస్తుండగా చేరుతుంది. దాన్నుంచే ఊట వచ్చింది. బావి తవ్వేటప్పుడు 'జల పడింది' అంటాం చూడండి, ఆ 'జల' కూడా ఏ నీరైనా అని కాకుండా లోపలి నుంచి ఊరే నీటి పొర అన్న ప్రత్యేకమైన అర్థంలోనే వాడుకలో ఉంది.

వాన పడి నెలలు గడిచినా కొన్ని నదుల్లో నీరు ఎందుకు ఉంటుంది అనే ప్రశ్నకు జవాబు కూడా ఈ మాటలోనే దొరుకుతుంది. కొండల మీది మంచు కరిగి వచ్చే నదుల సంగతి వదిలేస్తే, వేసవిలో నదిని బతికించేది గట్లలోంచీ అడుగు నుంచీ ఊరే నీరే. ఇది మనిషికి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. నదులకు సరిపడా వాన పడదనీ, సముద్రపు నీరే నేల కింది సొరంగాల గుండా కొండల దాకా వచ్చి ఊటలుగా బయటపడుతుందనీ యూరప్‌లో శతాబ్దాల పాటు పండితులు కూడా నమ్మారు. ఫ్రాన్సులో పియర్ పెరో అనే ఆయన సీన్ నది ఎగువ ప్రాంతంలో పడే వానను కొలిచి, ఏడాదిలో నదిలో పారే నీటితో పోల్చి చూశాడు. పడిన వాన దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా తేలింది. ఆ లెక్క 1674లో అచ్చయింది. అంటే నదికి వాన చాలు, మిగతాది ఇంకుతుంది, ఆవిరవుతుంది. ఇంత కష్టపడి వదిలించుకున్న సొరంగాల ఊహ ఒక్క క్రియ వల్ల పిల్లల మనసులోకి తిరిగి రాకూడదని నా బాధ.

నది దగ్గర ప్రవహించు ఉంచండి, కానీ అచ్చ తెలుగులో 'పారు' ఉందని మరిచిపోకండి. పారుదల, పారిపోవడం రెండూ దాని పిల్లలే, అందులో పరుగు ఉంది. అక్కడే మీరు 'ఒరవడి' అని రాశారు, అది మార్చాలి. ఒరవడి అంటే చూసి దిద్దుకునే మేలుబంతి, నమూనా. వేగం, ఉద్ధృతి అనే అర్థంలో కావలసింది ఉరవడి, అందులో ఉన్న 'వడి' వేగమే. పత్రికల్లో కూడా ఈ రెంటినీ కలిపేస్తున్నారు కాబట్టి మీరొక్కరే చేసిన పొరపాటు కాదు. ఉరవడి ఎంతదో చెప్పాలంటే అమెజాన్ ఒక్కటే చాలు, సెకనుకు సుమారు 2 లక్షల ఘనపు మీటర్ల నీటిని సముద్రంలో కలుపుతుంది, ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రానికి చేర్చే నీటిలో అది దాదాపు ఐదో వంతు. నదులన్నీ సముద్రంలో కలుస్తాయని మాత్రం రాయకండి. ఆఫ్రికాలోని ఒకవాంగో నది బోట్స్వానాలో పాయలు పాయలుగా విడిపోయి, ఇసుకలో ఇంకి, ఎండకు ఆవిరై అక్కడికక్కడే ముగిసిపోతుంది. చూడండి, ఇక్కడ 'ప్రవహించు' ఒక్కటే ఉంటే ఆ నది కథ చెప్పడమే కుదరదు.

ఇక సముద్రం. 'సముద్ర నీరు' కుదరదు, సముద్రపు నీరు అనాలి, లేదా సముద్ర జలం. సంస్కృత పదానికి తెలుగు పదాన్ని నేరుగా అతికించకుండా 'సముద్రము'లోని ము స్థానంలో పు తెచ్చుకోవడం తెలుగు పద్ధతి. 'అలలుగా ప్రవహిస్తుంది' అన్నది మరీ సరికాదు, ఎందుకంటే నడి సముద్రంలో అల ముందుకు పోతుంది గానీ నీరు దాదాపు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. ఒడ్డుకు దూరంగా తేలే చెక్కముక్కను గమనించండి, అల వచ్చినప్పుడు లేచి, కాస్త ముందుకు పోయి, దిగి, మళ్లీ వెనక్కి వస్తుంది. కాబట్టి అలలు లేస్తాయి, పడతాయి, ఒడ్డున విరుగుతాయి. సముద్రంలో నిజంగా ప్రవహించేవి వేరే ఉన్నాయి, అవి సముద్ర ప్రవాహాలు. అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్ ప్రపంచంలోని నదులన్నిటినీ కలిపినా సరితూగనంత నీటిని మోసుకుపోతుంది. గ్రీన్‌లాండ్ దగ్గరా, అంటార్కిటికా చుట్టూ చల్లబడి, ఉప్పదనం పెరిగి బరువెక్కిన నీరు అడుగుకు దిగి, అక్కడి నుంచి మహాసముద్రాల అడుగున సాగుతుంది. నీరు నీటిలో 'మునుగుతుంది' అని కొందరు రాస్తున్నారు, నాకు నచ్చదు, 'దిగుతుంది' అంటే చాలు. అలా దిగిన నీరు ఒక చుట్టు తిరిగి రావడానికి వెయ్యేళ్ల దాకా పడుతుందని అంచనా. గాలిలో ఆవిరిగా ఉన్న నీరు సగటున తొమ్మిది పది రోజుల్లోనే కిందికి వచ్చేస్తుంది.

ఆటుపోట్ల సంగతి. పోటు అంటే సముద్రం పొంగి ఒడ్డు మీదికి రావడం, ఆటు అంటే వెనక్కి తగ్గడం. 'జీవితంలో ఆటుపోట్లు' అన్న వాడుక వల్ల రెండూ కష్టాలేనన్న భావం స్థిరపడింది గానీ అసలు అర్థంలో ఒకటి ఎక్కడం, ఒకటి తగ్గడం. చంద్రుడి ఆకర్షణ, కొంత సూర్యుడి ఆకర్షణ దీనికి కారణం. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆటుకూ పోటుకూ మధ్య నీటి మట్టం తేడా 16 మీటర్ల దాకా పోతుంది. పోటు సమయంలో ఉప్పునీరు లోపలికి ఎగదన్నే పాయను ఉప్పుటేరు అంటాం, ఉప్పు, ఏరు కలిస్తే మధ్యలో 'ట' వచ్చి చేరింది. వ్యాసంలో నది, సముద్రం కలిసే చోటు గురించి రాస్తే ఈ మాట తప్పక వాడండి.

నీరు, నీళ్లు రెండూ సరైనవే. నీరు ఏకవచనం కాబట్టి పారుతోంది, నీళ్లు బహువచనం కాబట్టి పారుతున్నాయి. 'నీళ్లు పారుతోంది' అని కలపకూడదు, అంతే. ఊరు ఊళ్లు అయినట్టే నీరు నీళ్లయింది. ఏరు కూడా అదే లెక్కన ఏళ్లు అవుతుంది, కానీ సంవత్సరాలను కూడా ఏళ్లు అనే అంటాం కదా, పిల్లలు చదివే వ్యాసంలో ఏర్లు అని రాయండి.