పగిలిన గాజులు పోగేస్తే కళ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఏడాదిగా పగిలిన గాజులు, సీసా మూతలు, కప్పు పెంకులు పోగేస్తోంది. పారేయబోతే ఏడుస్తుంది. వాటితో బొమ్మలు చేస్తుందట, ఫైన్ ఆర్ట్స్ చదువుతుందట. మావారు ‘చెత్త ఏరుకోవడానికి చదువెందుకు?’ అంటున్నారు. నాకేమో టెన్షన్. ఇదసలు కళేనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: కళేనమ్మా. ముందు మీవారికి చండీగఢ్ రాక్ గార్డెన్ ఫొటోలు చూపించండి. దాన్ని కట్టిన నేక్ చంద్ ప్రభుత్వ రోడ్ ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కోసం పాత ఊళ్లు కూల్చేస్తుంటే, అక్కడ మిగిలిన కుండపెంకులు, గాజు ముక్కలు సైకిల్ మీద మోసుకెళ్లేవారు. 1957 నుంచి సుఖ్నా చెరువు దగ్గరి అడవిలో, డ్యూటీ అయ్యాక, ఎవరికీ తెలియకుండా బొమ్మలు చేశారు. అది సర్కారు భూమి మరి! దాదాపు పద్దెనిమిదేళ్లకు అధికారుల కంటపడింది. జనం అండగా నిలవడంతో కూల్చకుండా వదిలి, 1976లో సందర్శకులకు తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అక్కడి ఆడబొమ్మల్ని దగ్గరగా చూడాలి. లోపల సిమెంటు. పైన చీరలా మెరిసేదంతా పగిలిన గాజులే. వాటి వంపు పోకుండా పక్కపక్కనే అద్దారు. అందుకే చూడగానే ‘ఇవి ఎవరో తొడుక్కున్న గాజులు’ అని తెలిసిపోతుంది. నాకు ఆ తోటలో అన్నిటికన్నా నచ్చేది అదే.

ఆఫ్రికాలోని ఘానాలో పుట్టి నైజీరియాలో దశాబ్దాలపాటు పనిచేసిన శిల్పి ఎల్ అనాట్సుయి మద్యం సీసాల మూతల్ని చదును చేసి, రాగితీగతో వేలకొద్దీ కలిపి గోడంత తెరలు చేస్తారు. ఒకప్పుడు ఐరోపా వర్తకులు ఆ పశ్చిమ ఆఫ్రికా తీరంలో మద్యం ఇచ్చి మనుషుల్ని బానిసలుగా కొనుక్కుపోయారు. ఆ చరిత్రంతా ఆ మూతల వెనక ఉంది. 2015లో ఇటలీలో జరిగే పేరున్న కళా ప్రదర్శన వెనిస్ బినాలే ఆయన్ని గోల్డెన్ లయన్ పురస్కారంతో గౌరవించింది.

ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను. ఖాళీ సీసాకి కొత్తగా కొన్న గ్లిట్టర్, థర్మోకోల్ పూలు అంటించి ‘వేస్ట్ నుంచి బెస్ట్’ అనడం. నెల తిరక్కుండానే అది బయట పడేస్తాం, ఈసారి ఇంకాస్త ఎక్కువ చెత్తతో. మీ అమ్మాయి చేసిన బొమ్మలో ఆ ముక్క పాత బతుకు కనిపిస్తోందా? ఎండకీ వానకీ నిలుస్తుందా? ఈ రెండూ అడగండి చాలు.

మీ తెనాలిలోనే ఇనుప తుక్కుతో, నట్లు బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. తండ్రీకూతుళ్లిద్దర్నీ కలిసి వెళ్లి ఆ వెల్డింగ్ పని చూసి రమ్మనండి. ఇంట్లో గాజుముక్కల్ని రంగులవారీగా మూత ఉన్న డబ్బాల్లో సర్దమనండి, పట్టుకునేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది. ఫైన్ ఆర్ట్స్‌లో ఎక్కడ చేరాలన్నా డ్రాయింగ్ బాగా రావాలి. పోగేసే పని కాస్త తగ్గించి, రోజూ ఒక గంట పెన్సిల్ పట్టమనండి.