సోలో వయొలిన్ కోసం జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన సంగీతాన్ని ఆర్కెస్ట్రాతో వాయించడం సబబేనా?

సబబే. అసలు బాఖే ఆ పని చేశాడు. సోలో వయొలిన్ కోసం రాసిన, E మేజర్ శ్రుతిలో ఉన్న మూడో పార్టీటా (కొన్ని భాగాల వాద్య రచన) మొదటి భాగాన్ని, 1731లో లైప్‌జిగ్ నగర మండలి కోసం రాసిన కాంటాటాకి (గాయకులు, వాద్యాలు కలిసి వినిపించే రచనకి) ప్రారంభ సంగీతంగా మలిచాడు. వయొలిన్ వరస ఆర్గన్‌కి వెళ్ళింది. ట్రంపెట్లు, టింపనీ అనే పెద్ద డోళ్ళు చేరాయి. ఆ కాలపు ట్రంపెట్లకు అనువుగా శ్రుతి డి మేజర్‌కి దిగింది. వింటే పండగ హడావిడే!

బాఖ్ సోలో వయొలిన్‌కే రాసిన డి మైనర్ షకోన్ (ఒకే స్వరక్రమం మీద మార్పులు చేస్తూ సాగే భాగం) సంగతి వేరు. అందులోని నాలుగు స్వరాల కార్డ్‌ని, అంటే కలిసి మోగాల్సిన స్వరాల గుంపుని, కమాను ఒక్కసారిగా పట్టి నిలపలేదు; కింది తీగలు పలికించి పైవాటికి జారాలి. ఆర్కెస్ట్రాలో తలో స్వరం పంచేస్తే శ్రమ లేకుండా మోగుతుంది. కండక్టర్ స్టొకోవ్‌స్కీ చేసిన ఆర్కెస్ట్రా రూపం గంభీరంగానే ఉంటుంది గానీ, ఆ జారుడులోని టెన్షన్ ఉండదు. నా మటుకు నేను ముందు ఒంటి వయొలిన్ మీదే వినమంటాను.